వీరేశం ముక్కు చెప్పని సంగతి

"లోపల గాలి ఉంటుంది బాబాయ్, ఊపిరి ఉండదు. లేదన్న సంగతి మనిషికి తెలియను కూడా తెలియదు. అమ్మాయిని అందులోకి పంపకండి."

కృష్ణప్రియ ఈ మాట అన్నప్పుడు వీరేశం ఇడ్లీని సాంబారులో నానబెడుతున్నాడు. రాయదుర్గం మెట్రో స్టేషన్ దిగగానే కనబడే అద్దాల భవనాల్లో ఒకదాని క్యాంటీన్ అది. చుట్టూ మెడలో ట్యాగులు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రకారు. తెల్ల మీసంతో, చొక్కా జేబులో చిన్న టార్చిలైటుతో వీరేశం ఒక్కడే వాళ్ల మధ్య వేరుగా కనిపిస్తాడు.

"మనిషికి తెల్వదని ఎవలు చెప్పిన్రమ్మా నీకు?" అన్నాడాయన తలెత్తకుండా. "చెర్ల మునిగినోనికి ఊపిరాడుతలేదని తెల్వదా? కాలుజెయ్యి కొట్టుకోడా?"

"చెరువు వేరు, ఇది వేరు."

"ఇడ్లీ సల్లారుతుంది, తిను. నా ముక్కుండంగ నీకు ఫికరెందుకు?"

మర్నాడు వీరేశం కూతురు ప్రశాంతి ఒక విమానం ఇంధన ట్యాంకులోకి దిగబోతోంది. ట్యాంకుల్లోకి దిగడం ఆమెకు కొత్త కాదు. అయితే ఆ ట్యాంకుకు కొత్తగా నైట్రోజన్ పైపులు బిగించారు. అలాంటి దాంట్లోకి దిగడం ఆమెకే కాదు, ఆమె పనిచేసే విమానాల మరమ్మతు షెడ్డులో ఎవరికీ ఇంతవరకు అనుభవం లేదు. దిగే పద్ధతిని ఒక్కొక్క మెట్టుగా రాసిచ్చింది కృష్ణప్రియ. అందుకే ఆమెకు ముద్ద దిగడం లేదు.

కృష్ణప్రియ రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ. ఆమె కంపెనీ విమానాలు తయారుచేయదు. ఉన్న విమానాల్లో కొత్త భాగాలను ఎక్కడ, ఎలా బిగించాలో బొమ్మలు గీసి, మెకానిక్‌లకు సూచనలు రాసి ఇస్తుంది. ఆ సూచనలు రాసే జట్టులో ఆమె ఒకతె. ఇంట్లో రెండున్నరేళ్ల పాప రసజ్ఞ. పాప పుట్టిన దగ్గర్నుంచి కృష్ణప్రియ చదివిన సైన్సంతా ఒకే దారి పట్టింది. ద్రాక్షపండును నాలుగు ముక్కలు చేస్తే గానీ పిల్ల నోట్లో పెట్టదు. బిళ్ల బ్యాటరీ ఉన్న బొమ్మ ఇంటి గడప దాటి లోపలికి రాదు. స్నానాలగదిలో గ్యాస్ గీజర్ ఉందని మొదటి అద్దె ఇల్లు ఖాళీ చేయించింది. అత్తగారు పద్మావతి కాకినాడ నుంచి వచ్చినప్పుడల్లా, "నీ చదువంతా పిల్లకి ఏమవుతుందోనని బెంగ పెట్టుకోడానికే సరిపోతోందమ్మా" అంటుంది. భర్త రవికిరణ్ నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు మరీ భయం. ఇంట్లో ఒకరైనా భయపడాలి కదా అనిపిస్తుంది.

వీరేశానికి భయం తెలియదని చెప్పుకుంటారు. ఆయన పుట్టింది పుప్పాలగూడలో. ఆయన చిన్నప్పుడు అక్కడ పెద్ద పెద్ద బండలు, వాటి మధ్య జొన్నచేలు. కృష్ణప్రియ అద్దెకుంటున్న అపార్టుమెంటు తమ చేను ఉన్న చోటే లేచిందని మొదటి పరిచయంలోనే కనిపెట్టాడు. "నువ్వు రోజు పండుకునేది మా చేన్లనే. కాకుంటే మేం మంచె మీద పండుకుంటుంటిమి, నీ మంచె జర ఎత్తుగున్నది" అన్నాడు. తండ్రి ఎల్లయ్య బండలు కొట్టి కొడుకును ఐటీఐ చదివించాడు. బేగంపేట విమానాశ్రయంలో హెల్పరుగా చేరిన కొత్తలో వీరేశం చువ్వలా ఉండేవాడు. ఆ సన్నని ఒళ్లే ఆయన బతుకును ఒక దారిలో పెట్టింది.

విమానం ఇంధన ట్యాంకు అంటే లారీకి కట్టిన పీపా లాంటిది కాదు. రెక్క లోపలి ఖాళీ జాగానే ట్యాంకు. రెండు రెక్కలు కలిసే చోట, ప్రయాణికుల కాళ్ల కింద, విమానం కడుపు కూడా ట్యాంకే. అందులోకి పోవడానికి కోడిగుడ్డు ఆకారంలో ఒక కంత ఉంటుంది, పెళ్లి భోజనంలో వడ్డన పళ్లెమంత. ఒక చెయ్యి పైకెత్తి, తల పక్కకు వాల్చి, ఒక భుజం తర్వాత ఇంకో భుజం దూర్చాలి. లోపల నిలబడే వీలుండదు. అడ్డగోడలు, ఆ గోడల్లో మళ్లీ కంతలు. ఒక అరలోంచి ఇంకో అరలోకి పాక్కుంటూ పోయి, చీకట్లో టార్చిలైటు పళ్ల మధ్య పట్టుకుని, ఎక్కడ కారుతోందో వెతికి బంక పూసి రావాలి. వీరేశం ముప్పై ఏళ్లకు పైగా చేసిన పని ఇదే. ఆయన బట్టలను భార్య నీలమ్మ మిగతా బట్టలతో కలిపి ఉతికేది కాదు. పెళ్లయిన కొత్తలో ఆయన పక్కన కూచుని తింటే పప్పు కూడా కిరసనాయిలు కొట్టేదని ఇప్పటికీ చెబుతుంది.

ఆ వాసనలోనే ఆయన ముక్కు పదునెక్కింది. కంత దగ్గర నిలబడి ఒక్కసారి పీల్చి, లోపల ఇంధనం తడి మిగిలిందో లేదో, మిగిలితే ఏ వైపో చెప్పేవాడు. ఒకసారి ఒక రెక్క ఎంత వెతికినా దొరక్కుండా కారుతుంటే, వీరేశం కింద నుంచి వాసన చూసుకుంటూ పోయి ఒకచోట సుద్దతో గుర్తు పెట్టాడట. విప్పి చూస్తే పగులు అక్కడికి జానెడు దూరంలో ఉంది. "జానెడు తేడా ఎందుకొచ్చెనంటే, ఆ దినం నాకు పడిశం పట్టుండె" అని ఆయనే చెప్పుకుంటాడు, కొంచెం కూడా నవ్వకుండా.

దాంతో ఆయన పనిచేసిన, ఇప్పుడు ప్రశాంతి పనిచేస్తున్న షెడ్డులో ఒక ఆచారం స్థిరపడిపోయింది. గాలిని కొలిచే మీటర్లు ఎన్ని వచ్చినా, ఎవరు ట్యాంకులోకి దిగబోయినా ముందు వీరేశం వచ్చి కంత దగ్గర ముక్కు పెట్టాలి. "సాఫ్" అనాలి. ఆ మాట పడ్డాకే దిగేవాళ్లు. ఆయన రిటైరైనా ముఖ్యమైన పని ఉంటే కబురు పెట్టి పిలిపించుకునేవాళ్లు.

రిటైరయ్యాక రాయదుర్గం కంపెనీ ఆయన్ను సలహాదారుగా తీసుకుంది. కంప్యూటరులో గీసిన బొమ్మలో అన్నీ పడతాయి. నిజం ట్యాంకులో మనిషి మోచెయ్యి అడ్డొస్తుంది. ఆ మోచెయ్యి కోసమే వీరేశం. కృష్ణప్రియ సూచనలు చదువుతుంటే ఆయన మీటింగు గది బల్ల కింద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, గాల్లో బోల్టులు బిగించేవాడు. "ఆగమ్మా. ఎడమ చేత్తోటి పట్టుకొని కుడి చేత్తోటి తిప్పమంటివి. నా కుడి చెయ్యి నా కిందున్నది. ఇగ పండ్లతోటి తిప్పాల్నా?" అనేవాడు. అద్దం గోడ అవతల పోయేవాళ్లు ఆగి చూసేవారు. కృష్ణప్రియ ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాసేది. రాసిన ప్రతి వాక్యం వెనకా ఎవరిదో ఒళ్లు ఉంటుందన్న సంగతి ఆమెకు ఆ బల్ల పక్కన కూచున్నప్పుడే తెలిసింది.

నైట్రోజన్ సంగతి ఆమె ఆయనకు చెప్పింది. ద్రవంగా ఉన్న ఇంధనం అంత తొందరగా అంటుకోదు. దాని మీద తేలే ఆవిరితోనే చిక్కు. ట్యాంకు నిండుగా ఉంటే ఆవిరికి చోటుండదు. అడుగున కాస్త మిగిలి, పైనంతా ఖాళీగా ఉన్నప్పుడు, అందులోనూ మన మే నెల ఎండలో విమానం నేల మీద ఆగి ఉండి, కడుపు కింద ఏసీ యంత్రాలు కాగుతున్నప్పుడు, ఆ ఖాళీలో ఆవిరి, గాలి కలిసి తయారుగా ఉంటాయి. ఒక్క నిప్పురవ్వ చాలు. చాలాకాలం పాటు రవ్వ పుట్టకుండా చూడడమే జాగ్రత్త. తర్వాత తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది: రవ్వ పుట్టినా బతకనివ్వని గాలిని అందులో నింపితే?

ఆ గాలిని ఎక్కడి నుంచో మోసుకుపోనక్కర్లేదు. విమానంలోనే బిగించిన డబ్బా ఒకటి దాన్ని తయారుచేస్తుంది. లోపలి భాగం కనబడేలా కోసిన పాత డబ్బా ఒకటి కంపెనీలో ఉంది, మోచేతి పొడుగు. దాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు కృష్ణప్రియ కోసిన వైపు తిప్పి చూసింది. లోపల వెంట్రుకంత సన్నని గొట్టాలు, లెక్కపెట్టలేనన్ని, జడలా ఒత్తుగా పేర్చి ఉన్నాయి. ఇంజన్ నుంచి వచ్చే గాలిని చల్లార్చి వాటిలోకి తోస్తే, ఆక్సిజన్ ఆ గొట్టాల గోడల్లోంచి తొందరగా బయటికి ఒలికిపోతుంది. నైట్రోజన్‌కు అంత తొందర లేదు. చివరిదాకా వచ్చి ట్యాంకులోకి పోతుంది. తిరిగే భాగం లేదు, కలిపే మందు లేదు. మనం పీల్చే గాలే ఒక కొస నుంచి లోపలికి పోయి, నిప్పును ఆర్పే గాలిగా ఇంకో కొస నుంచి వస్తుంది. గొట్టాల కుచ్చును ఆమె కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది. కొసలన్నీ సూదిమొన పొడిచిన చుక్కల్లా మెరిశాయి. పైన శంషాబాద్ వైపు ఒక విమానం దిగుతోంది. అందులో కూచున్న ఎవరికీ తెలియకుండా వాళ్ల కాళ్ల కింద ఈ పని జరుగుతూనే ఉందని తలుచుకుంటూ అది కనుమరుగయ్యేదాకా చూసింది.

వీరేశం ఆ డబ్బాను అందుకుని మొదట చేసిన పని ముక్కుకు ఆనించుకోవడం. "ఏ వాసన లేదు" అన్నాడు, కొంచెం నిరాశగా.

క్యాంటీన్‌లో ఆ పొద్దున కృష్ణప్రియ పట్టు వదల్లేదు.

"ఊపిరి బిగబట్టినప్పుడు మనకు కలిగే బాధ ఆక్సిజన్ అందనందుకు కాదు బాబాయ్. మనం బయటికి వదలాల్సిన కార్బన్ డయాక్సైడ్ లోపల పేరుకున్నందుకు. చెరువులో దాన్ని వదలలేం, అందుకే కొట్టుకుంటాం. నైట్రోజన్‌లో హాయిగా వదులుతాం, హాయిగా పీలుస్తాం. ఒంటికి ఏ తేడా తెలియదు. గాఢంగా ఉంటే రెండు మూడు ఊపిరులకే మనిషి కూలిపోతాడు. కాస్త తక్కువగా ఉంటే ముందు బుద్ధి మందగిస్తుంది. బయటికి రావాలన్న ఆలోచనే రాదు."

వీరేశం చెయ్యి ఆగింది. "దానికి వాసనుండదా?"

"ఇప్పుడు మనం పీలుస్తున్న గాలిలో ముప్పావు కంటే ఎక్కువ అదే. ఏమన్నా వాసనొస్తోందా మీకు?"

ఆయన నిజంగానే కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాడు. "సాంబార్ వాసనొస్తుంది" అన్నాడు. పళ్లెం తీసుకుని లేచాడు. "రేపు నువ్వు గూడ రా. నీ కాగితం ఎట్ల పనిచేస్తదో చూస్తువు. నా బిడ్డను నాకంటె ఎక్కువ ఎవలు చూస్తరు?"

మర్నాడు ఆయన కారులోనే ఔటర్ రింగు రోడ్డు మీదుగా పోయారు. బేగంపేట నుంచి మారిన షెడ్డు ఇప్పుడు శంషాబాద్ విమానాశ్రయం దగ్గర్లో, ఊరిబయట ఉంది. కృష్ణప్రియ విమానాన్ని అంత దగ్గరగా, అంతగా విప్పి ఉండగా ఎప్పుడూ చూడలేదు. రెక్క కింద నిలబడి తలెత్తితే పైకప్పు కనబడదు, రెక్కే కనబడుతుంది. పలకలు ఊడదీసిన చోట పైపులు, తీగలు, వాటి మీద చిన్న చిన్న అంకెలు. రోజూ కంప్యూటరులో వేలిముద్రంత చూసే భాగం ఇక్కడ తనకంటే ఎత్తుగా ఉంది. తన కాగితాలు ఇంత పెద్దదాన్ని తాకుతాయని ఆమె ఎన్నడూ ఊహించలేదు.

ప్రశాంతి పొట్టిగా, చురుగ్గా ఉంది. జడను టోపీలోకి దోపుకుంటూ వచ్చి, "మా నాయినను బల్లకింద పండుకోబెట్టేది నువ్వేనా అక్కా?" అంది. "ఇంట్ల మా అమ్మ మంచం కింద చెప్పులు తియ్యమంటే నడుం నొప్పంటడు."

"ఆడ జీతమిస్తరే" అన్నాడు వీరేశం.

ఆ విమానం కొన్ని నెలలుగా ఎగరడం లేదు. ట్యాంకులో ఇంధనం తోడేసి చాలా రోజులైంది. కొత్త పైపులు ఎక్కడైనా కారుతున్నాయేమోనని ముందురోజు సిలిండర్ల నుంచి నైట్రోజన్ పంపి చూశారు. ఇవాళ పొద్దున్నుంచీ బ్లోయర్ పెట్టి, పసుపుపచ్చ గొట్టంలోంచి మామూలు గాలిని ట్యాంకులోకి కొడుతున్నారు. ప్రశాంతి దిగి, చివరి అరలో కొత్త పైపు కీళ్లు సరిచూసి రావాలి.

షెడ్డు సూపర్‌వైజర్ మధుసూదన్ మీటరును కంత అంచున పెట్టాడు. ఇరవై పాయింట్ ఎనిమిది. మనం రోజూ పీల్చే గాలిలో ఉండేంత ఆక్సిజన్. "మంచిగున్నది" అని అందరికీ వినబడేలా చెప్పి, వీరేశం వైపు తిరిగాడు. "అన్నా, ముక్కు పెట్టు."

అటూ ఇటూ పనుల్లో ఉన్నవాళ్లు చేతులాపి చూశారు. వీరేశం కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని మెట్ల బల్ల ఎక్కాడు. కంత దగ్గర తల వాల్చి, కళ్లు మూసుకుని, మెల్లగా పీల్చాడు. కృష్ణప్రియ ఆయన మొహంలో అంత శ్రద్ధ ఎప్పుడూ చూడలేదు. లోపలి చీకటి ఆయన చెవిలో ఏదో చెబుతున్నట్టే ఉంది.

"సాఫ్" అన్నాడు.

ప్రశాంతి బల్ల ఎక్కింది. కుడి చెయ్యి పైకెత్తింది.

"పైపు పెట్టలేదు" అంది కృష్ణప్రియ. బ్లోయర్ మోతలో ఎవరికీ వినబడలేదు. ముందుకు వచ్చి మళ్లీ అంది. "కంత దగ్గర కొలిచారు. చివరి అరలో కొలవలేదు. పొడుగు పైపు పెట్టి అక్కడి గాలి లాగి కొలవాలని రాశాం."

మధుసూదన్ ఇబ్బందిగా నవ్వాడు. "ఆ పైపు అవుతలి షెడ్డుల ఉన్నది మేడం. తెప్పియ్యొచ్చు, దాందేమున్నది. గాని వీరేశమన్న ముక్కు పెట్టినంక మల్ల పైపు పెట్టుడంటే..." అని వీరేశం వైపు చూశాడు.

కృష్ణప్రియ చెవులు వేడెక్కాయి. జీవితంలో ఎన్నిసార్లు ఇలా భయపడలేదు, ఎన్నిసార్లు అది ఉత్తదే కాలేదు. పార్కులో, పిల్లల డాక్టరు దగ్గర, అత్తగారి ముందు. ఇదీ అలాంటిదేనేమో. అయినా తన పిల్ల అక్కడ నిలబడి ఉంటే తాను ఊరుకునేదా? కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడింది. వెనక్కి తగ్గలేదు.

వీరేశం ఆమెను చూడలేదు. కూతురినే చూస్తున్నాడు. ప్రశాంతి తల, చెయ్యి అప్పటికే కంత అంచున ఉన్నాయి. నాన్న దిగమంటే దిగుతుంది. షెడ్డంతా ఆయన మాట కోసం కాచుకుని ఉంది. 

"ప్రశాంతీ, ఆగు. కిందికి రా."

"ఏంది నాయినా, ఇప్పుడే సాఫంటివి గద?"

"సాఫనే అన్న. రమ్మంటున్న గద, రా. మధూ, పైపు తెప్పియ్యి."

పైపు వచ్చింది. కర్రకు కట్టి, ఒక్కొక్క గోడ కంతలోంచి దాన్ని లోపలికి తోశారు. మీటరులోని చిన్న పంపు లోపలి గాలిని లాగడం మొదలుపెట్టింది. కాసేపు అంకె కదల్లేదు. మధుసూదన్ కృష్ణప్రియ వైపు చూడబోయి, మళ్లీ మీటరు వైపు తిరిగాడు. ఇరవై. పంతొమ్మిది. అంకె ఒక్కొక్కటే దిగడం మొదలైంది, బావిలోకి తాడు జారవిడిచినట్టు. పదహారు దాటకముందే మీటరు కూత పెట్టింది. ఎవరూ దాన్ని ఆపలేదు. పన్నెండు దగ్గర అంకె నిలిచింది.

కృష్ణప్రియ ఆ అంకెను గుర్తుపట్టింది. పైపులు, డబ్బా, వెంట్రుకల్లాంటి గొట్టాలు, ఇంతమంది ఇన్నాళ్లు పడ్డ కష్టమంతా ఆ అంకె కోసమే. నిప్పు బతకని గాలి అది. ఆకాశంలో కొన్ని వందలమందిని కాపాడే గాలి. అదే ఇప్పుడు ఆ చీకటి అరలో చడీచప్పుడు లేకుండా, వాసన లేకుండా, ప్రశాంతి కోసం కాచుకుని ఉంది. అంత మంచిదీ అంత ప్రమాదమూ ఒకే అంకెలో ఉండడం చూసి ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది, పారిపోవాలనీ అనిపించింది.

తర్వాత వెతికితే కారణం దొరికింది. పసుపుపచ్చ గొట్టం రెండో గోడ కంత దగ్గర వంపు తిరిగి మడతపడింది. మంచి గాలంతా ముందు అరల్లోనే తిరిగి బయటికి వచ్చేస్తోంది. ముందురోజు పంపిన నైట్రోజన్ పాత ఇంధనం వాసనను ఊడ్చేసి, తాను మాత్రం చివర్న ఉండిపోయింది.

మధుసూదన్ మొహం పాలిపోయింది. "అన్నా, నువ్వు సాఫంటే నేను..." అని ఆగాడు.

వీరేశం బల్ల మెట్టు మీద కూచున్నాడు.  జేబులోంచి కళ్లజోడు తీసి, తుడిచి పెట్టుకున్నాడు.

"నా ముక్కు అబద్ధం చెప్పలే మధూ" అన్నాడు చివరికి. "కంపు లేదన్నది. నిజంగనే లేదు. ఊపిరున్నదా లేదా అని నేను దాన్ని అడగలే. అడిగినా దానికి తెల్వదు." తర్వాత కృష్ణప్రియ వైపు చూశాడు. "నిన్న నువ్వు చెప్పింది రాత్రంత నా మనసుల తిరిగిందమ్మా. పొద్దున ఈ మెట్లెక్కంగనే పోయింది. ఎక్కినంక మల్ల నేను వీరేశాన్నైపోయిన."

గొట్టాన్ని సరిచేసి, చివరి అర దాకా తోసి, మధ్యాహ్నం దాకా గాలి కొట్టారు. ఈసారి ముందు పైపు పెట్టారు. అన్ని అరల్లోనూ ఒక్కొక్క చోట కొలిచారు. అంతటా ఇరవై పాయింట్ ఎనిమిది నిలిచాక, కాలరుకు చిన్న మీటరు తగిలించుకుని ప్రశాంతి దిగింది. భుజం, ఇంకో భుజం, నడుము, బూట్లు. చీకటి ఆమెను మింగేసింది.

వీరేశం కంత దగ్గరే నిలబడ్డాడు. లోపలికి తల పెట్టలేదు. మాట ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. లోపల ఉన్నవాళ్లను బయట ఉన్నవాళ్లు పలకరిస్తూనే ఉండాలి, జవాబు రాకపోతే తాము దూకకూడదు, గంట కొట్టి గాలి సిలిండర్లు కట్టుకున్నవాళ్లను పిలవాలి. కృష్ణప్రియ కాగితంలోనూ అలాగే ఉంది.

"ఏడిదాక పోయినవ్?"

"మూడో గోడ."

"మూడో గోడ కాడ ఏమున్నది?"

"నువ్వు పూసిన బంకున్నది. ముద్దలు ముద్దలు. అమ్మ పిండి కలిపితే గూడ గింత గలీజుండది."

"అది గిప్పటిదాక కారలేగద. నోరు మూసుకొని... కాదు, నోరు మూసుకోకు. మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?"

"నీ పెండ్లి మాటనే మాట్లాడు."

"గట్లయితే నేను ఈడనే ఉంట నాయినా, బయటికి రాను."

కింద నిలబడ్డవాళ్లు నవ్వారు. వీరేశం నవ్వలేదు. కంత అంచును పట్టుకున్న ఆయన వేళ్లు తెల్లబడి ఉన్నాయి. భయం తెలియని మనిషని అందరూ చెప్పుకునేది ఈయన గురించే. కూతురి బూట్లు మళ్లీ కనబడేదాకా ఆ వేళ్లు వదులు కాలేదు. తన చేతుల్లోని కాగితం కూడా నలిగి ఉండలైందని కృష్ణప్రియ అప్పుడే చూసుకుంది.

ఆ షెడ్డులో వీరేశాన్ని ఇప్పటికీ పిలుస్తారు. ఇప్పటికీ ముక్కు పెట్టమంటారు. ఆయన పెడతాడు కూడా, అదే శ్రద్ధతో, కళ్లు మూసుకుని. అయితే ఆ రోజు నుంచి ఆయన నోట "సాఫ్" అన్న మాట రాలేదు. "కంపు లేదు" అని మాత్రం అని, మీటరు పట్టుకున్నవాడి వైపు చెయ్యి చూపిస్తాడు. ముప్పై ఏళ్లు ఒక షెడ్డంతా నమ్మిన మాటను ఒక మనిషి తన నోటితోనే వెనక్కి తీసుకోవడం కృష్ణప్రియ అంతకు ముందెక్కడా చూడలేదు. గాల్లోంచి ఆక్సిజన్‌ను వడకట్టే గొట్టాల కంటే అదే ఆమెకు పెద్ద అద్భుతంగా తోస్తుంది.

ఆ సాయంత్రం తిరిగి వస్తూ కారులో ఆమె అడిగింది, "ఇవాళ నా భయం నిజమైంది కాబట్టి సరిపోయింది బాబాయ్. నాకు ప్రతిదానికీ భయమే. ఏది నమ్మాలో, ఏది వదిలేయాలో ఎలా తెలుస్తుంది?"

ఆయన చెప్పిన జవాబునే ఆమె ఇప్పుడు పాటిస్తోంది. మొన్న పాప ఒళ్లు కాలిపోతోందని పద్మావతి కంగారు పడితే, కృష్ణప్రియ ఏడవకుండా ముందు థర్మామీటరు పెట్టింది. నూరు డిగ్రీల కంటే కాస్త ఎక్కువ. మందు వేసి పక్కన కూచుంది, దవాఖానకు పరుగెత్తలేదు. ఇంకో రోజు పాప పూర్తిగా కోలుకుందని అందరూ అన్నారు, ఆమెకూ అలాగే అనిపించింది. అయినా పడుకోబెట్టే ముందు మళ్లీ ఒకసారి పెట్టి చూసింది. ఎందుకని రవికిరణ్ అడిగితే, గచ్చిబౌలి దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకున్నప్పుడు వీరేశం స్టీరింగు మీద చెయ్యి తీయకుండా అన్న మాటలే చెప్పింది.

"భయపడు బిడ్డా, తప్పులేదు. గాని భయపడి ఆడనే కూసోకు, మీటర్ పెట్టు. అది మంచిగనే ఉన్నదంటే పండుకో. ఇగ ఎప్పుడన్న నీకు అస్సలు భయమే కాలేదనుకో, అప్పుడు రెండుసార్లు పెట్టు."